గూడెంలోనే చదువుతాను

"టీసీ అడిగేముందు నన్నొక్క మాట అడగాలనిపించలేదా నాన్నా?"

తెల్లవారినప్పటి నుంచి కుసుమ అడుగుతున్న మాటే ఇది. కనకరాజు అరుగు మీద కూర్చుని, చేలోంచి కాళ్లకంటుకొచ్చిన బురదని పుల్లతో గీక్కుంటున్నాడు. కోతలు మొదలయ్యాయి. మనిషి ఇంటి దగ్గరున్నా చూపు చేలోనే ఉంది.

"స్నేహలత ఫోన్ చేసి చెప్పేదాకా నాకు తెలీనే తెలీదు. మీరు గూడెం వెళ్లారంట. యూనివర్సిటీ ఆఫీసులో అప్లికేషన్ ఇచ్చారంట. నేనిక్కడ అమ్మకి జావ కాస్తుంటే, మీరక్కడ నా చదువు మాన్పించొచ్చారు."

"మాన్పించడం ఏంటమ్మా," అన్నాడు కనకరాజు చివరికి. "ఎవరు మాన్పించారు? ఏలూరులో చేర్పిస్తున్నాను. సోమసుందరం గారు వాళ్ల కాలేజీలో సీటు ఇప్పిస్తానన్నారు. పొద్దున్నే కైకలూరులో బస్సెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటావు. ఇంజనీరింగు అక్కడైనా అదే, ఇక్కడైనా అదే."

"అదే కాదు నాన్నా."

"ఏంటి తేడా?"

కుసుమ నోరు తెరిచింది కాని ఎక్కడ మొదలెట్టాలో తెలీలేదు. ఐదు నెలల్లో తనకి జరిగిందంతా ఈ అరుగు మీద నుంచుని ఒక్క మాటలో చెప్పాలంటే ఎలా?

"తేడా ఏముంటుందిరా, ఇంటి పనికి ఎగనామం పెట్టడానికి," అంది లోపలి నుంచి పాపాయమ్మ. కనకరాజు తల్లి ఆవిడ. చూపు మసకబారినా చెవులు చురుగ్గానే ఉన్నాయి. "తల్లి కాలు విరిగి మంచంలో ఉంది. నాకా పొయ్యి మీద గిన్నె ఆనదు. ఆడపిల్ల ఇంట్లో లేకపోతే ఈ కొంపలో నిప్పు ఎవరు రాజేస్తారు?"

"ప్రతి శుక్రవారం వస్తున్నాను కదా మామ్మా. మళ్లీ మంగళవారం దాకా ఉండి చేసే వెళ్తున్నాను కదా."

"అదేగా మీ నాన్న ఆపమన్నది. ఎందుకీ తిరుగుడు? ఇంట్లోనే ఉండు."

కనకరాజు పుల్ల పక్కన పడేశాడు. కూతురి వైపు చూడకుండానే అన్నాడు.

"నువ్వే కదమ్మా ఏడ్చావు. నన్ను తీసుకుపోండి నాన్నా అన్నావు."

కుసుమ అన్న మాట నిజమే. హాస్టల్లో చేరిన కొత్తలో రోజూ ఫోన్ చేసి ఏడ్చింది. ఆ మాట నాన్న ఇన్నాళ్లూ మోస్తూ తిరిగాడని, ఇప్పుడు తీరిక చేసుకుని మరీ నెరవేర్చడానికి వెళ్లాడని ఆమెకి ఆ క్షణందాకా తట్టలేదు.

"అప్పుడు ఏడ్చాను," అంది మెల్లిగా. "ఇప్పుడు ఏడవట్లేదు."

"మరి నాకెవరు చెప్పారు?"

ఏడ్చినప్పుడు ఫోన్ చేసినంత శ్రద్ధగా, ఏడుపు ఆగినప్పుడు ఎవరూ ఫోన్ చెయ్యరు.

"ఏవండీ," అని గదిలోంచి రత్నమాల పిలిచింది. "ఒకసారి అందరూ ఇలా రండి."

పొద్దున్నుంచి ఇంత రగడ జరుగుతుంటే ఆమె నోరు విప్పడం ఇదే మొదలు. అమ్మ ఒక్క మాట 'ఉండవే' అంటే తను ఉండిపోతుంది. ఆ సంగతి తనకి తెలుసు. అమ్మకీ తెలుసు.

రత్నమాల మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. కార్తీకమాసంలో కాలవ రేవులో జారిపడితే ఆపరేషన్ చేసి కాల్లో రాడ్డు వేశారు. ఇంకా కాలు కింద పెట్టకూడదన్నారు. గుమ్మంలో విశ్వతేజ ఫోన్ చూసుకుంటూ నుంచున్నాడు. కుసుమకి అన్న. డిగ్రీ అయిపోయి, ఉద్యోగాలకి అప్లికేషన్లు పెట్టుకుంటూ తండ్రికి చేలో సాయంగా ఉంటున్నాడు.

"కుసుమ ఇంట్లో ఉంటే నాకు బాగుంటుందండి," అంది రత్నమాల. "అబద్ధమెందుకు? దాహమేస్తే దాన్నే పిలవాలనిపిస్తుంది. జడ అది వేస్తేనే సుఖంగా ఉంటుంది. కాని నా కాలు ఇవాళో రేపో అతుక్కుంటుంది. దాని ఏడాది పోతే అతుక్కోదు."

కనకరాజు ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు.

"విరిగింది నా కాలే. నోరు బానే ఉంది. మంచం మీద నుంచి నేను చెప్తాను. తేజ చేస్తాడు."

విశ్వతేజ ఫోన్ లోంచి తలెత్తాడు. "నేనా?"

"నువ్వే. కోతల దగ్గర మీ నాన్నగారున్నారు, కూలీలున్నారు. పొద్దుటి పూట నువ్వు లేకపోతే చేలో పని ఆగదు."

"నాకు టీ పెట్టడం కూడా రాదమ్మా."

"దానికి మాత్రం పుట్టగానే వచ్చిందా?"

పాపాయమ్మ గుమ్మం పట్టుకుని లోపలికొచ్చింది. ఆవిడ ముఖం ఎర్రబడిపోయింది.

"మగపిల్లాడి చేత గరిట పట్టిస్తావా రత్నం? ఈ ఇంట్లో అలాంటిది నేను చూళ్లేదు, చూడను. వాడు వండింది నేను ముట్టను."

"పోనీ అటుకులు నానబెట్టుకుందురు గాని అత్తయ్యా," అంది రత్నమాల.

ఎంత మెత్తగా అందో అంత గట్టిగా తగిలింది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి రత్నమాల అత్తగారికి ఎదురు చెప్పిన మనిషి కాదు. పాపాయమ్మ కాసేపు కోడలి వైపు చూసి, తర్వాత మనవరాలి వైపు తిరిగింది.

"ఇదంతా నీ మూలాన వచ్చింది. ఇక నాతో మాట్లాడకు," అని పైట ముఖానికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

కుసుమ వెనకాలే వెళ్లబోయింది. రత్నమాల చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇప్పుడొద్దు."

విశ్వతేజ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"అన్నానికి నీళ్లు ఎంత పొయ్యాలి?" అన్నాడు.

కుసుమకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కనకరాజు మాత్రం నవ్వలేదు. తువ్వాలు భుజాన వేసుకుంటూ, "సోమసుందరం గారికి మాటిచ్చేశాను," అన్నాడు.

"నేను చెప్తాను నాన్నా ఆయనకి."

"నువ్వెలా చెప్తావు? మాటిచ్చింది నేను. చెప్పాల్సిందీ నేనే." గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "రేపు పొద్దున్నే బయల్దేరదాం. అప్లికేషన్ వెనక్కి తీసుకోనిస్తారో లేదో అది కూడా చూడాలి."

* * *

ఏలూరు బస్సు కొల్లేటి మీదుగా వెళ్తోంది. రోడ్డుకి అటూ ఇటూ నీళ్లు, చేపల చెరువుల గట్లు, వాటి మీద వరసగా గూడబాతులు. కనకరాజు కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తున్నాడు. కైకలూరులో ఐసు బాక్సులతో ఎక్కిన చేపల వాళ్లు గట్టిగా కబుర్లు చెప్పుకుంటున్నారు.

"నువ్వేడ్చిన రోజు నాట్లు పడుతున్నాయి," అన్నాడు ఉన్నట్టుండి. "గట్టు మీద నుంచుని ఫోన్ ఎత్తాను. కూలీలు చూస్తారని అటు తిరిగి నుంచున్నాను. వస్తానమ్మా, తీసుకొచ్చేస్తానన్నాను. రాలేకపోయాను."

"మీరు రాలేదని నేనెప్పుడూ అనుకోలేదు నాన్నా."

"నేను అనుకున్నాను."

కుసుమ అతని చేతి మీద చెయ్యి వేసింది. బురద, పసరు ఇంకిపోయి గరుకుగా ఉంది ఆ చెయ్యి.

"అంతలా ఎందుకేడ్చావు అసలు? ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదు నాన్నా. అదే బాధ. ఎవరూ నాతో మాట్లాడేవాళ్లు కాదు. నేనూ మాట్లాడేదాన్ని కాదు. క్లాసంతా ఇంగ్లీషులో వెళ్లిపోయేది. కైకలూరు జూనియర్ కాలేజీలో లెక్కల్లో నేనే ఫస్టు కదా. ఇక్కడ అదే లెక్క బోర్డు మీద కనిపిస్తుంటే, సార్ దాని గురించి ఏం చెప్తున్నారో అర్థమయ్యేది కాదు. మెస్సులో ఎవరి పక్కన కూర్చోవాలో తెలీక అందరూ తినేశాక వెళ్లేదాన్ని. అప్పటికి కూర అయిపోయేది."

కనకరాజు కూతురి ముఖంలోకి చూశాడు.

"కూర అయిపోయేదా?"

"ఇప్పుడు అవదులెండి," అంది కుసుమ నవ్వుతూ. "ఇప్పుడు నా పక్కన ఎవరు కూర్చోవాలా అని వాళ్లే పోట్లాడుకుంటారు."

అతను నమ్మినట్టు కనిపించలేదు.

ఏలూరులో దిగి పవర్‌పేటలో సోమసుందరం గారింటికి వెళ్లారు. ఆయన ప్రైవేటు కాలేజీలో లెక్చరరు. అప్పుడే పూజ ముగించి పట్టుపంచెతోనే బయటికొచ్చారు. ఆయన కూర్చోమన్నా కనకరాజు కూర్చోలేదు.

"మీరు నా మాట మీద సీటు ఆపి ఉంచారు. ఆ సీటు వద్దని చెప్పడానికి వచ్చానండి. మా అమ్మాయి గూడెంలోనే చదువుకుంటానంటోంది. తప్పు నాదే. దాన్ని అడక్కుండా మీ దగ్గరికొచ్చాను."

సోమసుందరం గారు కళ్లజోడు తుడుచుకుని కుసుమ వైపు చూశారు.

"ఆ యూనివర్సిటీలో సీటు వదులుకునేవాళ్లు ఉండరులెండి. నాకూ అదే ఆశ్చర్యంగా ఉండింది. అయితే కనకరాజు గారూ, ఈ సీటు కోసం కాచుక్కూర్చున్నవాళ్లున్నారు. ఇవాళే ఇచ్చేస్తాను. అక్కడ కుదరలేదని రేపు మళ్లీ వస్తే నా చేతిలో ఏమీ ఉండదు. ఆలోచించుకునే చెప్తున్నారు కదా?"

కనకరాజు కూతురి వైపు చూశాడు. లోపల ఎక్కడో కుక్కరు కూత వేసింది. ఇక్కడ వద్దనుకుని, అక్కడా పొమ్మంటే కుసుమ ఎటూ కాకుండా పోతుంది.

"ఇచ్చేయండి," అన్నాడు కనకరాజు.

* * *

జూలైలో చేరిన రోజున ట్రంకు పెట్టె నాన్న భుజం మీద ఉంది. వాచ్‌మన్‌ని, గుమాస్తాని, దారిన పోయే పిల్లల్ని అందర్నీ ఆయనే అడిగాడు. కుసుమ ఆయన చొక్కా చాటున నడిచింది.

ఇవాళ ఏలూరులో రైలెక్కి గూడెంలో దిగింది మొదలు కుసుమే ముందు నడుస్తోంది. కనకరాజు చెప్పులు చప్పుడు కాకుండా వెనకాల వస్తున్నాడు.

"ఏమ్మా, అమ్మకి ఎలా ఉంది?" అన్నాడు యూనివర్సిటీ గేటు దగ్గర వాచ్‌మన్.

"కూర్చుంటోందండీ. ఇంకా నడవట్లేదు."

చెట్ల కింద నుంచి ఇద్దరమ్మాయిలు చేతులూపారు. సైకిలు మీద పోతున్న సీనియరు ఒకామె, "వచ్చేశావా కుసుమా, హమ్మయ్య," అంటూ ఆగకుండా వెళ్లిపోయింది. కనకరాజు వెళ్లిపోతున్న సైకిలు వైపు తిరిగి చూశాడు.

డీన్ ఆఫీసు వరండాలో బెంచీ మీద స్నేహలత కాచుక్కూర్చుంది. కామవరపుకోట పిల్ల. గాలికి కూడా నాలుగు కబుర్లు చెప్పి పంపే రకం. కుసుమని చూడగానే లేచొచ్చి వాటేసుకుంది. తర్వాత కనకరాజుకి నమస్కారం పెట్టి, ఆయన పక్కనే బెంచీ మీద చేరగిలబడింది.

"మీరు వచ్చి వెళ్లిన దగ్గర్నుంచి మా క్లాసులో సగం మందికి నిద్ర లేదండి బాబాయ్ గారూ. కుసుమ వెళ్లిపోతే సాయంత్రం క్లాసు ఎవరు చెప్తారని."

"క్లాసులు మేష్టార్లు చెప్తారు కదమ్మా," అన్నాడు కనకరాజు.

"ఆయ్, వాళ్లూ చెప్తారండి. పగలు. ఇంగ్లీషులో. అర్థం కానిది సాయంత్రం మేము మళ్లీ చెప్పుకుంటాం, తెలుగులో. ఫిజిక్సు ఒకరు, కెమిస్ట్రీ ఒకరు, లెక్కలు కుసుమ. మొదట్లో తెలుగు మీడియం వాళ్లం గుప్పెడు మందిమే కూర్చునేవాళ్లం. ఇప్పుడు బెంచీలు చాలట్లేదు. ఇంగ్లీషు మీడియం వాళ్లు కూడా వస్తున్నారండి, ఏ మొహం పెట్టుకుని వస్తారో."

"ఆపవే," అంది కుసుమ.

"ఎందుకు ఆపాలి? ఒకసారి హరిప్రియ మేడమ్ చప్పుడు చెయ్యకుండా వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారండి. లెక్కల మేడమ్. ఇది చూసుకోలేదు. బోర్డు నింపేసి వెనక్కి తిరిగేసరికి ఆవిడ. దీని చేతిలో చాక్‌పీసు కిందపడింది. ఆవిడ తీసిచ్చి, తర్వాత లెక్క చెప్పమ్మా అన్నారు."

కనకరాజు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని నేల వైపు చూస్తున్నాడు. అతని చెవులు ఎర్రబడటం కుసుమకి కనిపించింది. సంతోషం వస్తే నాన్నకి ముందు చెవులకే తెలుస్తుంది.

"నాకెప్పుడూ చెప్పలేదేమ్మా?" అన్నాడు, స్నేహలతకి వినపడకుండా.

"ఇంటికొచ్చేసరికి గిన్నెలు ఎదురొచ్చేవి నాన్నా."

గుమాస్తా వచ్చి లోపలికి పిలిచాడు.

* * *

డీన్ శ్రీరామచంద్ర గారి బల్ల మీద కనకరాజు ఇచ్చిన అప్లికేషన్ పైకే ఉంది. ఆయన ఇద్దర్నీ కూర్చోమన్నారు. కనకరాజు కుర్చీ అంచున కూర్చున్నాడు.

"వెనక్కి తీసుకోవడం పెద్ద పనేం కాదండి. ఇదిగో, చింపేస్తే అయిపోతుంది. కాని ఒక మాట. ఈ అమ్మాయి మొదటి మిడ్ పరీక్షలో లెక్కల్లో తప్పింది. హాజరు చూస్తే సెమిస్టరు పరీక్షకి కూర్చోనిచ్చేటట్టు లేదు. పరీక్ష రాయకపోతే ఏడాది పోతుంది. ఏలూరులో సీటు ఉందన్నారు. పోనివ్వడమే మంచిదేమో."

"ఆ సీటు పొద్దున్నే వదిలేసి వచ్చామండి," అన్నాడు కనకరాజు.

డీన్ గారు కలం పక్కన పెట్టారు. "ఇక్కడ ఉంటుందో లేదో తెలీకుండానే?"

"మరేనండి."

ఆయన కుసుమ వైపు తిరిగారు. "ఏమ్మా, నువ్వేం చెప్తావు?"

కుసుమ లేచి నుంచుంది. చేరిన కొత్తలో గుర్తింపు కార్డులో పేరు తప్పు పడితే, దిద్దించుకుందామని ఈ ఆఫీసు కిటికీ దాకా వచ్చి, ఇంగ్లీషులో ఎలా అడగాలో తెలీక, తప్పు పేరుతోనే తిరిగి వెళ్లిపోయింది. ఆ కార్డు ఇప్పటికీ మెడలోనే ఉంది.

"సార్, ఐ వాంట్ టు స్టే," అంది. రైల్లో దారి పొడుగునా కూడబలుక్కున్న మాటల్లో మొదటిది సరిగ్గానే వచ్చింది. రెండోది గొంతులో అడ్డం పడింది.

డీన్ గారు దయగా, "తెలుగులో చెప్పమ్మా, పరవాలేదు," అన్నారు.

"లేదు సార్, చెప్తాను," అంది కుసుమ.

చెప్పింది. మెల్లిగా, మాట మాటకీ ఆగుతూ, ఒకచోట తప్పు మాట వాడి, తనే దిద్దుకుని మళ్లీ మొదలెట్టి. హాజరు తక్కువన్నది నిజమేనని చెప్పింది. అమ్మ కాలు విరిగిన సంగతి చెప్పింది, కాని దాన్ని సాకుగా చెప్పలేదు. మొదటి మిడ్ రాసినప్పుడు తనకి లెక్కలు రాక కాదు, ప్రశ్న అర్థం కాక తప్పానంది. ఇప్పుడు ప్రశ్న అర్థమవుతోందంది. ఇంటి దగ్గర పని ఇంట్లోవాళ్లు పంచుకున్నారని, ఇక తను వెళ్లనక్కర్లేదని చెప్పి కూర్చుంది.

కనకరాజుకి అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. కూతురు మాట్లాడినంతసేపూ ఆమె పెదాల వైపే చూశాడు. చేలో మోటారు మొరాయించి, మొరాయించి, ఒక్కసారిగా నీళ్లు పోసినప్పుడు ఆయన ముఖం ఇలాగే ఉంటుంది.

"రెండో మిడ్ మార్కులు వచ్చాయా?" అని డీన్ గారు గుమాస్తాని అడిగారు.

"నేను తెచ్చాను సార్," అంటూ హరిప్రియ మేడమ్ లోపలికొచ్చారు. నూలు చీర, భుజానికి సంచి, చేతివేళ్లకి సుద్ద. "నా సెక్షన్లో మొదటి మార్కు ఈ అమ్మాయిదే. ఇంకో సంగతి కూడా చూడండి. మొదటి మిడ్‌లో తప్పినవాళ్లలో చాలామంది గట్టెక్కారు. వాళ్లకి సాయంత్రాలు ఎవరు చెప్పారో వాళ్లనే అడగండి. ఈ పిల్లని పంపేస్తే నాకు నష్టం సార్. నేను ఒప్పుకోను."

డీన్ గారు మార్కులు చూశారు. కుసుమని చూశారు. మళ్లీ మార్కులు చూశారు.

"తల్లి కాలు విరిగితే కూతురికి మెడికల్ లీవు ఇచ్చే నిబంధన ఎక్కడా లేదు మేడమ్," అన్నారు. ఆయన గొంతులో కాఠిన్యం మాత్రం తగ్గింది. "సరే, నేను సిఫార్సు రాస్తాను. అయితే ఒక షరతు. సెమిస్టరు అయ్యేదాకా ఒక్క రోజు మానకూడదు. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, ఏ శుభకార్యమున్నా సరే. ఒక్క రోజు మానావంటే నేను రాసింది చెల్లదు."

కుసుమ తండ్రి వైపు చూసింది. ఈ జవాబు తనొక్కతే ఇవ్వగలిగింది కాదు.

"మానదండి," అన్నాడు కనకరాజు. "పూచీ నాది."

డీన్ గారు అప్లికేషన్ నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశారు.

బయటికి రాగానే స్నేహలత ఏమీ అడగలేదు. కుసుమ ముఖం చూసి, చేతులు రెండూ పైకెత్తి వరండా పొడుగునా పరుగెత్తింది. ఎక్కడెక్కడి నుంచో పిల్లలు వచ్చి చుట్టూ మూగారు. వాళ్ల మధ్యలో కూతుర్ని చూస్తూ కనకరాజు స్తంభానికి ఆనుకుని చాలాసేపు నుంచున్నాడు. తర్వాత తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు, ఎండ లేకపోయినా.

* * *

స్టేషన్లో ఏలూరు వైపు పాసింజరు కోసం చూస్తుంటే కనకరాజు ఫోన్ మోగింది. విశ్వతేజ. కనకరాజు 'ఊ' అన్నాడు, 'ఎప్పుడు' అన్నాడు, 'మంచిదే కదరా' అన్నాడు. ఆ 'మంచిదే' అన్నప్పుడు ఆయన గొంతు కుసుమకి నచ్చలేదు.

"ఏంటి నాన్నా?"

"ఏం లేదమ్మా. నువ్వెళ్లు. మధ్యాహ్నం క్లాసు ఉందన్నావుగా."

"అన్నయ్య ఏమన్నాడు?"

కనకరాజు పట్టాల వైపు చూశాడు. "ఉద్యోగం వచ్చిందంట. వైజాగులో. బుధవారం పొద్దున్నే చేరాలంట."

అన్న ఎన్నాళ్ల నుంచో కళ్లల్లో వత్తులు వేసుకుని చూస్తున్న కబురు ఇది. సంతోషించాలి. సంతోషమే. కాని ఇంట్లో మంచం మీద అమ్మ, పెరట్లో అలిగి కూర్చున్న మామ్మ, చేలో సగం కోసిన వరి. మధ్యలో చల్లారిన పొయ్యి. 'రెండు వారాలు వచ్చిపోమ్మా' అని నాన్న అంటే? అనకుండా ఊరుకుని, ఆ చూపు చూస్తే? ఆయన ఇచ్చిన పూచీ వయసు ఇంకా ఒక పూట కూడా లేదు.

దూరంగా రైలు కూత వినిపించింది.

"అన్నం నేను వండగలను," అన్నాడు కనకరాజు. "కుర్రతనంలో చెరువు కాపలా ఉన్నప్పుడు వండుకునేవాణ్ని. చారు పెట్టడం మాత్రం రాదు. ఎలా పెడతారమ్మా?"

కుసుమ ఆయన ముఖంలోకి చూసింది. వేళాకోళం కాదు. ఆయన నిజంగానే అడుగుతున్నాడు. విత్తనాల షాపు దగ్గర కొత్త రకం వరి గురించి అడిగినంత శ్రద్ధగా.

"చింతపండు ముందుగా నానబెట్టుకోవాలి నాన్నా. నిమ్మకాయంత. పిసికి పిప్పి తీసేసి నీళ్లు పోసుకోవాలి. ఉప్పు, పసుపు, రెండు పచ్చిమిరపకాయలు, కరివేపాకు."

"ఊ."

"బాగా మరిగాక చారుపొడి వెయ్యాలి. ఆ తర్వాత ఎక్కువసేపు ఉంచకూడదు."

రైలు వచ్చి ఆగింది. ఆయన ఎక్కి తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నుంచున్నాడు.

"పోపు?" అన్నాడు.

"ఆవాలు చిటపటలాడాక ఇంగువ," అంది కుసుమ రైలుతో పాటు నడుస్తూ. "మిగతాది ఫోన్లో చెప్తాను."

"క్లాసు టైములో ఫోన్ ఎత్తకు," అన్నాడు కనకరాజు. రైలు వేగం అందుకుంది.

* * *

మర్నాడు సాయంత్రం క్లాసులో కూర్చోవడానికి చోటు లేదు. కిటికీల్లో కూడా ఎక్కి కూర్చున్నారు. కుసుమ బోర్డు తుడిచి చాక్‌పీసు అందుకునేసరికి బల్ల మీద ఫోన్ మోగింది. ఇంటి నంబరు. మేష్టార్ల క్లాసు కాదు కదా అనుకుని ఎత్తింది.

"మీ నాన్న వంటింట్లో ఉన్నాడు," అంది అవతలి నుంచి పాపాయమ్మ. ఆ గొంతు విని రెండు రోజులైంది. "చొక్కా తీసేసి, పొయ్యి ముందు నుంచుని చింతపండు పిసుకుతున్నాడు. వాణ్ని వంటింట్లోకి పంపింది నువ్వేనా?"

క్లాసంతా తన వైపే చూస్తోంది. స్నేహలత కళ్లతోనే 'ఏమైంది' అంది.

కాదనొచ్చు. ఆయనే వెళ్లాడు మామ్మా అనొచ్చు. అది అబద్ధం కూడా కాదు. కాని కుసుమకి ఇవాళ ఎవరి చాటునా నుంచోవాలని లేదు.

"అవును మామ్మా," అంది. "నేనే."

అవతల పాపాయమ్మ ఏమీ అనలేదు. ఫోన్ పెట్టెయ్యనూ లేదు. ఆవిడ ఊపిరి, దాని వెనకాల ఎక్కడో నూనెలో ఆవాలు చిటపటలాడుతున్న చప్పుడు వినిపిస్తున్నాయి.

కుసుమ ఫోన్‌ని అలాగే చెవికి ఆనించుకుని, రెండో చేత్తో బోర్డు మీద మొదటి లెక్క వెయ్యడం మొదలుపెట్టింది.